పరీక్ష వేరు, జాబితా వేరు

నేరస్తుల్ని పట్టుకోవటం కోసం ప్రభుత్వం దేశంలోని ప్రతి మనిషి డిఎన్‌ఏ వివరాలనూ సేకరించి దాచిపెట్టుకోవచ్చునా? యిది శాస్త్రజ్ఞులూ న్యాయవాదులూ తేల్చుకోవలసిన ప్రశ్న గదా, సాహిత్య పత్రికలో దీనికేం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని వుంది. ఈ మధ్య నా చేతికొస్తున్న యువ రచయితల కథల్లో ఒక మలుపు తరచుగా కనిపిస్తోంది. నేరం జరుగుతుంది. అనుమానితులు నలుగురుంటారు. చివరి పేజీలో లాబొరేటరీ నుంచి డిఎన్‌ఏ రిపోర్టు వస్తుంది. అంతటితో అబద్ధం కూలిపోయి సత్యం నిలబడుతుంది. పాత కథల్లో దేవుడు ప్రత్యక్షమయ్యే చోట యిప్పుడు రిపోర్టు ప్రత్యక్షమవుతోంది. కథల బయట కూడా యిదే ధోరణి. "అందరివీ తీసి పెడితే సరిపోతుంది గదా, తప్పు చెయ్యనివాడికి భయమెందుకు?" అనే మాట నేనుండే పెద్దమందడిలో టీ హోటలు దగ్గరా వింటున్నాను, డిగ్రీ చదివే పిల్లల నోటా వింటున్నాను, మన సభల్లో మాట్లాడేవాళ్ళ నోటా వింటున్నాను. అభ్యుదయం పేరుతోనే ఆ మాట వినిపిస్తున్నది కాబట్టి దాన్ని విప్పి చూడవలసిన బాధ్యత మనమీద వుంది.

ముందుగా ఆ మాటలోని బలాన్ని ఒప్పుకుందాం. దానికి మా ప్రాంతంలోనే ఉదాహరణ వుంది. 2017 నవంబరు చివరలో నాగర్‌కర్నూలులో ఒక మనిషి హత్యకు గురయ్యాడు. పోలీసుల కథనం ప్రకారం, హత్యలో పాలుపంచుకున్న వ్యక్తే ముఖానికి యాసిడ్ గాయాలు చేసుకుని, చనిపోయినవాడి పేరుతో హైదరాబాదులో ఆసుపత్రిలో చేరాడు. కట్లు కట్టిన ఆ ముఖాన్ని చూసి, తమ కొడుకే అనుకుని, ఆ కుటుంబం వైద్యానికి డబ్బు కట్టింది. వేలిముద్రలు సరిచూశాక మంచం మీద వున్నది వేరే మనిషని తేలిందని పత్రికలు రాశాయి. ముఖం అబద్ధం చెప్పింది, వేలు నిజం చెప్పింది. అందరి వేలిముద్రలూ ఎక్కడో ఒకచోట భద్రంగా వుండబట్టే గదా యిది తేలింది, అందరి డిఎన్‌ఏ కూడా వుంటే యింకెన్ని తేలతాయో అనుకోవటం సహజమే.

కాని ఆ కేసులోనే యింకొక విషయం వుంది. మొదట అనుమానం వచ్చింది రికార్డుకు కాదు, బంధువులకు. మంచం మీద వున్నవాడి మాట తీరూ, తిండి తీరూ తమ మనిషిలా లేవని వాళ్ళు గమనించారు. మాంసం రసం యిస్తే తాగనన్నాడన్నది ఆ రోజుల్లో అందరూ చెప్పుకున్న సంగతి. మనుషుల జ్ఞాపకం అనుమానాన్ని పుట్టించింది. శాస్త్రం ఆ అనుమానానికి రుజువు యిచ్చింది. ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోవాలి. పత్రికలు మాత్రం ఈ కేసును సినిమా కథతో పోల్చి రాసుకున్నాయి.

ఇంతకీ డిఎన్‌ఏ పరీక్ష అంటే ఏమిటి? మన శరీరంలోని దాదాపు ప్రతి జీవకణంలోనూ డిఎన్‌ఏ వుంటుంది. నేర పరిశోధనలో దాన్నంతా చదవరు. మనిషికీ మనిషికీ తేడాగా వుండే కొన్ని చోట్లను మాత్రమే - అమెరికాలో 2017 నుంచి 20 చోట్లను - కొలిచి అంకెలుగా రాసుకుంటారు. నేరస్థలంలో దొరికిన రక్తం, వీర్యం, లాలాజలం వంటి వాటి నుంచి వచ్చిన అంకెల్ని ఒక మనిషి అంకెలతో పోలుస్తారు. ఈ పద్ధతిని 1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టాడు. మన దేశంలో దీనికి పునాది వేసింది హైదరాబాదు. సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రంలో లాల్జీ సింగ్, ఆయన సహచరులు సొంతంగా పద్ధతిని రూపొందించారు. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత అవశేషాల గుర్తింపులో దాన్ని వాడారు. తర్వాత డిఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కోసమే హైదరాబాదులో ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. ఈ శాస్త్రం మన గడ్డ మీద పెరిగిన శాస్త్రం. దానిమీద కోపం పెట్టుకోవలసిన అవసరం మనకు లేదు.

అంతేకాదు, ఈ శాస్త్రం మొట్టమొదట ఒక నేర పరిశోధనలో చేసిన పని నిరపరాధిని విడిపించటం. 1986లో ఇంగ్లండులో యిద్దరు బాలికల హత్యల కేసులో ఒక పదిహేడేళ్ళ కుర్రవాడు పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడు. ఆ నేరం అతను చెయ్యలేదని జెఫ్రీస్ పరీక్ష తేల్చింది. అమెరికాలో 1992లో మొదలైన ఇన్నోసెన్స్ ప్రాజెక్టు వంటి ప్రయత్నాల వల్ల డిఎన్‌ఏ పరీక్ష ద్వారా నిర్దోషులుగా బయటపడినవారు 375 మందికి పైగా వున్నారు. వాళ్ళల్లో ఎక్కువమంది నల్లవాళ్ళు. కొందరు మరణశిక్ష పడి ఎదురుచూస్తున్నవాళ్ళు. పోలీసు స్టేషన్లో పుట్టిన ఒప్పుకోలు కన్నా లాబొరేటరీలో పుట్టిన అంకె మేలని వాళ్ళ జీవితాలు చెబుతున్నాయి. భౌతికవాదులం అనుకునే మనం ఈ వాస్తవాన్ని పక్కన పెట్టలేం.

ఇక్కడే మనవాళ్ళు ఒక పొరపాటు మెట్టు ఎక్కుతున్నారు. పరీక్ష మంచిదైతే జాబితా కూడా మంచిదే అనుకుంటున్నారు. పరీక్ష వేరు, జాబితా వేరు. పరీక్ష ఒక నిర్దిష్ట ప్రశ్నకు జవాబు. ఈ రక్తం ఈ మనిషిదా కాదా అని, ఒక కారణంతో, ఒక న్యాయస్థానం కంటి ముందు అడిగే ప్రశ్న. జాబితా అట్లా కాదు. ప్రశ్న పుట్టకముందే అందరినీ నిలబెట్టి, ఎప్పుడో పుట్టబోయే నేరానికి జవాబులుగా మనుషుల్ని అలమారలో పెట్టుకోవటం. పరీక్షను బలహీనుడు కూడా అడగవచ్చు. జాబితాను మాత్రం రాజ్యమే పెట్టగలదు, రాజ్యమే తెరవగలదు.

మా పాలమూరు నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. ఈ జిల్లాలో జోగినీ ఆచారం ఎంతమంది దళిత స్త్రీల బతుకుల్ని నాశనం చేసిందో పాఠకులకు తెలుసు. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. జోగిని కడుపున పుట్టిన బిడ్డకు బడి రిజిస్టరులో తండ్రి పేరు రాసే చోట ఖాళీ. ఆ ఖాళీలో వుండవలసిన పేరు ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పలకరు. ఆ బిడ్డ కోర్టుకు వెళ్ళి, ఫలానా ఆసామి రక్తాన్ని పరీక్షించండి అని అడిగితే అది విముక్తి దిశగా ఒక అడుగు. అదే సమాచారం ప్రభుత్వ అలమారలో అందరి గురించీ వుంటే? ఎవరు ఎవరి బిడ్డో, ఏ యింట్లో ఏ రహస్యం వుందో, ఏ కులం యింట్లో ఏ కులం నెత్తురు వుందో స్టేషన్లోనో ఆఫీసులోనో కూర్చున్నవాడి చేతికి వస్తుంది. కులం దాటి పెళ్ళి చేసుకున్నందుకు కన్నబిడ్డల్ని చంపుకుంటున్న సమాజంలో పుట్టుకల చిట్టాను ప్రభుత్వం చేతికివ్వటం అంటే ఏమిటో రచయితలకు వివరించి చెప్పనక్కర్లేదు.

పరీక్ష అడిగినప్పుడు బలవంతుడు ఎట్లా ప్రవర్తిస్తాడో కూడా మనం చూశాం. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన ఎన్.డి.తివారీ మీద ఒక యువకుడు తన తండ్రి ఆయనేనని 2008లో ఢిల్లీ హైకోర్టులో దావా వేశాడు. నెత్తురు యివ్వటానికి ఆయన ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. వ్యక్తిగత గౌరవం, గోప్యత అంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. చివరికి 2012 మే నెలలో యిచ్చాడు. హైదరాబాదులోని కేంద్రమే పరీక్ష చేసింది. ఆయనే తండ్రి అని ఆ జూలైలో తేలింది. మాజీ గవర్నరు నెత్తురు చుక్కకు నాలుగేళ్ళ వ్యాజ్యం అడ్డు నిలిచింది. పాలమూరు కూలీ నెత్తురు చుక్కకు ఏది అడ్డు నిలుస్తుంది?

ఇప్పుడు రెండో పక్షం వాదాన్ని దాని అత్యుత్తమ రూపంలో తీసుకుందాం. 2007లో ఇంగ్లండులో స్టీఫెన్ సెడ్లీ అనే న్యాయమూర్తి ఒక మాట అన్నాడు. అప్పటికే అక్కడి జాబితాలో నల్లవాళ్ళు తమ జనాభాకు మించి వున్నారు. పోలీసులు ఎవరిని ఎక్కువగా పట్టుకుంటే వాళ్ళే జాబితాలో చేరతారు గనక. అందుచేత కొందరిని మాత్రమే జాబితాలో పెట్టటం అన్యాయం, పెడితే అందరినీ పెట్టాలి అన్నది ఆయన వాదన. ఇది సమానత్వం పేరుతో వచ్చిన వాదన. మన మిత్రుల్ని ఆకర్షిస్తున్నది కూడా యిదే. మంత్రి కొడుకూ మాదిగ కొడుకూ ఒకే అలమారలో వుంటే తప్పేమిటి అంటారు.

తప్పు ఎక్కడుందో చరిత్ర చెబుతుంది. వేలిముద్రల కథ బెంగాలులో మొదలైంది. 1858లో జంగీపురంలో విలియం హెర్షెల్ అనే తెల్ల అధికారి రోడ్డు సామాను సరఫరా చేసే ఒక స్థానికుడి చేత కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. నేరం పట్టుకోవటానికి కాదు. ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకోకుండా అతన్ని భయపెట్టటానికి. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో వెలిసింది. వర్గీకరణ కోసం కష్టపడినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం ఎడ్వర్డ్ హెన్రీది. ఇంతలో 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల, యానాది మొదలైన సమూహాల్లో పుట్టటమే నేరమైంది. పేర్లు నమోదయ్యాయి, వేలిముద్రలు తీశారు, వేళకు హాజరు వేశారు. సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా స్టువర్టుపురం సెటిల్‌మెంటు పుట్టింది. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. స్టువర్టుపురం పేరు మీద వేసిన మచ్చ మాత్రం యింకా పోలేదు. మన సినిమాలు యిప్పటికీ ఆ పేరుతోనే దొంగల కథలు తీస్తున్నాయి. జాబితా రద్దయినా జాబితా తయారుచేసిన మనస్సు రద్దు కాదు అనటానికి యింతకన్నా ఏం కావాలి?

అది తెల్లవాళ్ళ కాలం అంటారా? మన కాలంలోకి వద్దాం. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. పేరు లేకపోతే రేషను పోతుంది, పింఛను పోతుంది అన్న భయంతో వలస వెళ్ళిన జనం రైళ్ళూ బస్సులూ కిక్కిరిసి ఊళ్ళకు పరుగెత్తుకొచ్చారు. అందరినీ లెక్కపెట్టటం సంక్షేమం కోసమే అన్నారు. 2018 జనవరి 18న పోలీసులు సకల నేరస్తుల సర్వే చేశారు. వెనకటి కేసుల్లో పేరున్నవాళ్ళ యిళ్ళకు వెళ్ళి వివరాలూ వేలిముద్రలూ తీసుకున్నారు, యిల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నారు. పాత కేసు ముగిసిపోయి కూలి చేసుకుని బతుకుతున్నవాడి గుమ్మంలోకి పట్టపగలు పోలీసు వస్తే ఆ వాడ అతన్ని ఏ కళ్ళతో చూస్తుందో ఊహించుకోవచ్చు. అందరి జాబితా వుండగానే కొందరి జాబితా విడిగా పుట్టింది. సకలం అన్నది మాటలోనే. ఆచరణలో ఆ సకలంలో నుంచి ఎవరి గుమ్మం తొక్కాలో నిర్ణయించేది స్టేషనే.

ఆధార్ సంగతి కూడా చూడండి. సంక్షేమానికి తప్ప మరి దేనికీ వాడమని చెప్పి జనం వేళ్ళూ కళ్ళూ తీసుకున్నారు. గోవాలో ఒక పసిపిల్ల మీద జరిగిన అత్యాచారం కేసులో ఆ వివరాల కోసం దర్యాప్తు సంస్థ పట్టుబడితే 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. 2016 చట్టం వేలిముద్రల్ని బయటకు యివ్వకూడదంది. 2018 జూన్‌లో హైదరాబాదులో జరిగిన వేలిముద్రల బ్యూరోల సదస్సులో జాతీయ నేర రికార్డుల సంస్థ డైరెక్టరు, పోలీసులకు ఆధార్ పరిమితంగానైనా అందుబాటులో వుండాలని కోరాడు. ఆధార్ సంస్థ కుదరదంది. కాని కోరిక బయటపడింది. ఒక అవసరానికి పుట్టిన జాబితా మరో అవసరాన్ని వెతుక్కుంటూనే వుంటుంది. మరోపక్క రాళ్ళు మోసి, మట్టి తవ్వి వేళ్ళ మీద గీతలరిగిపోయిన కూలీకి రేషను షాపులో యంత్రం నువ్వు నువ్వు కాదంటున్నది. బియ్యానికి పనికిరాని వేలు కేసుకు పనికొస్తుంది.

ప్రపంచంలో అందరి డిఎన్‌ఏ తీస్తామని చట్టమే చేసిన దేశం కువైట్. దీనితో మనకు దగ్గరి సంబంధం వుంది. కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వేలాది తెలుగువాళ్ళు అక్కడ యిళ్ళల్లో వంటలు చేస్తూ, కార్లు నడుపుతూ బతుకుతున్నారు. 2015 జూన్‌లో ఒక మసీదులో బాంబు పేలి ప్రాణాలు పోయాయి. వెంటనే జూలైలో చట్టం వచ్చింది. పౌరులూ, వలస కార్మికులూ, చూడవచ్చిన అతిథులూ అందరూ నమూనా యివ్వాలి. నిరాకరిస్తే ఏడాది దాకా జైలు. బాంబు పేల్చినవాణ్ణి పట్టుకోవటానికని వచ్చిన చట్టం వల్ల పౌరసత్వం లేని బిదూన్ల గుండెల్లో గుబులు పుట్టింది. ఎవరు అసలైన కువైటీ, ఎవరు కాదు అని తేల్చటానికి యిదే సాధనమవుతుందని వాళ్ళు భయపడ్డారు. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ అభ్యంతరం చెప్పింది. 2017 అక్టోబరులో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమే చట్టాన్ని కొట్టివేసింది. అందరినీ చేర్చిన ఒకే ఒక్క చట్టం మూడేళ్ళు కూడా బతకలేదు. అందరినీ చేర్చిన జాబితా కూడా నెట్టివేతకు పనికొస్తుందని మాత్రం నిరూపించింది.

మన దేశంలో డిఎన్‌ఏ బిల్లు పదేళ్ళకు పైగా ముసాయిదాలుగా తిరిగింది. 2019లో లోక్‌సభలో మళ్ళీ పెట్టారు. స్థాయీ సంఘం 2021లో నివేదిక యిచ్చింది. మతం, కులం, రాజకీయాల ఆధారంగా సమాచారం దుర్వినియోగం కావచ్చునన్న భయం నిరాధారం కాదన్న అభిప్రాయం అక్కడ వ్యక్తమైంది. 2023 జూలైలో బిల్లును ఉపసంహరించుకున్నారు. కొందరు మిత్రులు యిది గెలుపు అనుకున్నారు. అది తొందరపాటు. అప్పటికే 2022లో క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం వచ్చేసింది. 1920 నాటి వలస చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం వేలిముద్రలతో పాటు కంటిపాప, జీవనమూనాలు, వాటి విశ్లేషణ, చేతిరాత దాకా 'కొలతలు' అంటుంది. 75 ఏళ్ళు దాచుకోవచ్చునంటుంది. శిక్ష పడినవాళ్ళే కాదు, అరెస్టయినవాళ్ళు, ముందస్తు నిర్బంధంలో వున్నవాళ్ళు కూడా దీని కిందికి వస్తారు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, స్త్రీలమీదా పిల్లలమీదా జరిగిన నేరాలు కాకపోతే, జీవనమూనా యివ్వనని అనే వీలు వుంది. ఆ వీలు గురించి లాకప్‌లో వున్నవాడికి చెప్పేదెవరు? 2022 నాటికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మంది విచారణలో వున్నవాళ్ళే. వాళ్ళల్లో దళితులు, ఆదివాసులు, ముస్లింలు జనాభా దామాషాను మించి వున్నారు. అందరి జాబితా రాకముందే జాబితా ఎవరితో నిండుతున్నదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

పోనీ, యింత చేస్తే నిజమైనా బయటపడుతుందా? పైన చెప్పిన ఇంగ్లండు కేసునే చూడండి. కుర్రవాడు నిర్దోషి అని తేలాక ఆ చుట్టుపక్కల సుమారు 5,000 మంది మగవాళ్ళ రక్తం, లాలాజలం తీసుకున్నారు. అసలు హంతకుడు తన బదులు తోటి పనివాణ్ణి పంపించాడు. జల్లెడ పట్టినా దొరకలేదు. ఆ పనివాడు తాగే చోట నోరు జారితే, విన్నవాళ్ళు చెబితే దొరికాడు. జర్మనీలో పోలీసులు చాలా ఏళ్ళు ఒకే ఆడమనిషి కోసం వెతికారు. హత్యలూ దొంగతనాలూ కలిసి 40 నేరస్థలాల్లో ఆమె డిఎన్‌ఏ దొరికింది. 2009లో తేలిందేమంటే అది నమూనాలు తీసే దూదిపుల్లల్ని తయారుచేసే పనిలో వున్న ఒక కార్మికురాలిది. లెక్క కూడా ఒకటి వుంది. నేరస్థలంలో దొరికే మరక చాలాసార్లు పాడైపోయి వుంటుంది, కొన్ని అంకెలే వస్తాయి. ఆ కొద్ది అంకెలు కోటిమందిలో ఒకరికి సరిపోయేవి అనుకుంటే, 140 కోట్ల జాబితాలో 140 మందికి సరిపోతాయి. ఒక్కడు దోషి కావచ్చు. మిగిలిన 139 మంది తాము ఆ రాత్రి ఎక్కడున్నారో చెప్పుకోవాలి. వకీలును పెట్టుకోగలవాడు చెప్పుకుంటాడు.

మన రాష్ట్రాల అనుభవం యింకా చేదుగా వుంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని దారుణంగా హత్యకు గురయింది. పెద్దల పిల్లల మీద ఆరోపణలు వచ్చాయి. అరెస్టయింది మాత్రం ఒక పేద దళిత యువకుడు. ప్రాసిక్యూషన్ చేతిలో డిఎన్‌ఏ నివేదిక వుంది. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ కేసును నమ్మలేదు. అతన్ని విడుదల చేసి, లక్ష రూపాయలు యివ్వమంది. అప్పటికి అతని యౌవనం జైల్లో గడిచిపోయింది. తర్వాత దర్యాప్తు సి.బి.ఐ.కి వెళ్ళింది. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి సమాధిని తవ్వి మళ్ళీ నమూనాలు తీశారు. డిఎన్‌ఏ అంకెలు అబద్ధం చెప్పకపోవచ్చు. ఆ అంకెల్ని ఎవరు తీసుకున్నారు, ఏ సీసాలో పెట్టారు, ఎవరి చేతుల మీదుగా పంపారు, ఎవరి మీద మోపారు అన్న చోట అబద్ధానికి కావలసినంత చోటుంది.

శాస్త్రం అందుబాటులో వుండి కూడా అక్కర్లేదనుకున్న సందర్భం మరొకటి. 2019 నవంబరు 27న శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం జరిగింది, హత్య జరిగింది. పట్టుబడిన నలుగురూ నారాయణపేట జిల్లా పల్లెల నుంచి వచ్చిన లారీ పనివాళ్ళు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగుర్నీ పోలీసులు కాల్చి చంపారు. పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక యిచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయంది, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లంది. డిఎన్‌ఏ పరీక్ష వుంది, లాబొరేటరీలు ఆ నగరంలోనే వున్నాయి. లేనిదల్లా ఆ పరీక్షను కోర్టులో నిలబెట్టి, ప్రశ్నించి, తేల్చే ఓపిక. రుజువు కోసం ఆగే అలవాటు లేని యంత్రాంగానికి 140 కోట్ల రుజువులు అప్పగిస్తే ఏం చేస్తుంది?

ఇక సాహిత్యంలోకి వస్తాను. 1897లోనే, కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పుట్టిన సంవత్సరంలోనే, 'కన్యాశుల్కం' మొదటి కూర్పు అచ్చయింది. అందులో లుబ్ధావధాన్లు పెళ్ళాడింది ఆడవేషం వేసిన మగపిల్లవాణ్ణి. ఆ పిల్లవాడు మాయమైతే లేని పిల్లను చంపాడని లుబ్ధావధాన్ల మీద ఖూనీ కేసు కడతారు. శవం లేదు, చచ్చినవాళ్ళు లేరు, కేసు మాత్రం వుంది. సాక్షులు దొరుకుతారు, పోలీసులకు లంచం అందుతుంది. ఈ కేసును ఏ డిఎన్‌ఏ జాబితా తేల్చగలదు? గురజాడ చూపించిన నేరం ఒకడి శరీరంలో లేదు. కేసులు పుట్టించే బజారులో వుంది. వనపర్తి నుంచి 1952లో శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి 'మొగలాయి కథలు' రాశాడు. అందులో 'గ్యారా కద్దూ బారా కొత్వాల్' అన్న పేరే చాలు. గుమ్మడికాయలు పదకొండయితే పట్టుకుపోయే కొత్వాళ్ళు పన్నెండుగురు. వృత్తిరీత్యా వకీలైన రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో చట్టం ఎవర్ని పట్టుకుంటుందో, ఎవర్ని ముట్టుకోదో బోనులో నిలబడ్డ మనిషి నోటితోనే చెప్పించాడు. ఈ ముగ్గురూ అడిగిన ప్రశ్న ఒకటే. నేరం ఎవరు చేశారు అన్నదాని కన్నా ముందు, దేన్ని నేరమంటున్నారు, ఎవరు అంటున్నారు?

దీనికి ఎదురుగా మన డిటెక్టివ్ నవల వుంది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ను చదివి పెరగని తెలుగు పాఠకుడు ఆ తరంలో అరుదు. ఆ నవలల పట్టునూ, చదివే అలవాటును పెంచటంలో వాటి పాత్రనూ నేను తక్కువ చెయ్యను. కాని ఆ రూపానికి ఒక ప్రపంచ దృక్పథం వుంది. నేరం అంటే ఒక వ్యక్తి దాచిన రహస్యం. ఆ రహస్యం విప్పితే సమాజం మళ్ళీ శుభ్రమవుతుంది. పరిశోధించేవాడు ఎప్పుడూ నిష్పక్షపాతి. నేను మొదట్లో చెప్పిన యువ రచయితల కథల్లో యుగంధర్ స్థానంలోకి లాబొరేటరీ వచ్చింది, దృక్పథం మారలేదు. ఆ దృక్పథంలో పాలమూరులో జరిగే నేరాలు అసలు కనిపించవు. అడ్వాన్సు యిచ్చి గుంపు మేస్త్రీ తీసుకుపోయిన కూలీ ఆనకట్ట కింద మట్టి పడి చచ్చిపోతే అక్కడ ఎవరి డిఎన్‌ఏ దొరుకుతుంది? 1981లో శ్రీశైలం ముంపు ఊళ్ళను కూలగొట్టి జనాన్ని వెళ్ళగొట్టిన ఉత్తర్వు మీద నెత్తుటి మరక లేదు, సంతకం వుంది. కూలి ఎగ్గొట్టటం, భూమి కాజెయ్యటం, ఊరు ఊరంతా కలిసి ఒక వాడను వెలివెయ్యటం - వీటికి లాలాజలం సాక్ష్యం పలకదు. డిఎన్‌ఏకు చిక్కే నేరాన్నే నేరంగా చూడటం అలవాటైతే, చిక్కని నేరాలన్నీ సహజంగా జరిగే విషయాలైపోతాయి.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ వుంది. అత్యాచారానికి గురైన దళిత బాలిక సంగతేమిటి? ఆమెకు సాక్షులు దొరకరు, ఊరు నోరు విప్పదు, డిఎన్‌ఏ ఒక్కటే ఆమె పక్షాన మాట్లాడుతుంది గదా? నిజమే. అందుకే నేను పరీక్షను సమర్థిస్తున్నాను. కాని ఆమెకు న్యాయం దొరక్కపోవటానికి కారణం 140 కోట్ల మంది వివరాలు లేకపోవటం కాదు. చాలా కేసుల్లో నేరస్తుడు ఎవరో ఆమెకు తెలుసు, ఊరికి తెలుసు. ఫిర్యాదు రాసుకోరు. ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకుపోతారు, నమూనా పాడవుతుంది. లాబొరేటరీ నివేదిక నెలల తరబడి రాదు. ఈలోగా రాజీ కుదురుస్తారు. అత్యాచారం కేసుల్లో వైద్య పరీక్షలో డిఎన్‌ఏ నమూనా తీసుకోవాలని 2005 చట్ట సవరణలోనే వుంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత ఏడేళ్ళు, ఆ పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలంటోంది. అది అమలు చెయ్యాలంటే జిల్లా జిల్లాకూ నిపుణులు కావాలి, డబ్బు కావాలి. ఆ డబ్బును అందరి నెత్తురూ దాచే గోదాముకు ఖర్చు పెట్టమనటం ఆ బాలికకు మేలు చెయ్యటం కాదు.

కాబట్టి మన వైఖరి స్పష్టంగా వుండాలి. నిందితుడికీ, శిక్ష పడినవాడికీ డిఎన్‌ఏ పరీక్ష అడిగే హక్కు వుండాలి. బాధితురాలికీ వుండాలి. తండ్రి పేరు కోసం పోరాడే బిడ్డకూ వుండాలి. పరీక్ష చేసే సంస్థలు పోలీసుల కింద కాకుండా స్వతంత్రంగా వుండాలి. నమూనా చేతులు మారిన ప్రతి మజిలీ కోర్టుకు తెలియాలి. నిర్దోషిగా తేలినవాడి నమూనాను, వివరాలను తుడిచెయ్యాలి. 2008లో యూరోపు మానవహక్కుల కోర్టు బ్రిటన్ విషయంలో చెప్పింది యిదే. శిక్ష పడనివాళ్ళ డిఎన్‌ఏను కాలపరిమితి లేకుండా వుంచుకోవటం హక్కుల ఉల్లంఘన అంది. 2017 ఆగస్టులో గోప్యత ప్రాథమిక హక్కు అని మన సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ హక్కు నగరంలోని చదువుకున్నవాళ్ళ సౌకర్యం కాదు. స్టువర్టుపురంలో పుట్టిన పిల్లవాడికి అది అన్నిటికన్నా ముందు కావలసిన హక్కు.

తప్పు చెయ్యనివాడికి భయమెందుకు అన్న ప్రశ్నకు జవాబు యిదీ: తప్పు ఏదో నిర్ణయించే అధికారం అతని చేతుల్లో లేదు గనక. యువ రచయితలు యికముందు కథ చివర డిఎన్‌ఏ రిపోర్టును తెచ్చేటప్పుడు ఆ కాగితం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, దాన్ని ఎవరు అడిగారో, ఎవరి మీద ప్రయోగించారో ఒక్కసారి ఆలోచించాలని కోరుతున్నాను. ఆ ఆలోచనలో నుంచి వచ్చే కథ కోసం మన పత్రికలు ఎదురుచూస్తున్నాయి.